ఆనింగ్ తెరిచే ముందు గాలిని చూడండి: విశాఖ నుంచి కొత్తగా అమెరికా వెళ్లినవారికి

మా ఎంవీపీ కాలనీ నుంచి ఏటా కొందరు పిల్లలు చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్తుంటారు. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో, అద్దె ఇల్లు ఎలా వెతకాలో వాళ్లకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ కొన్నేళ్లు ఉండి వచ్చినవాడిగా నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి. మొదటి వేసవిలో నలుగురైదుగురు స్నేహితులు కలిసి ట్రావెల్ ట్రైలర్ అద్దెకు తీసుకుంటారు. కారు వెనుక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు అది. దాని పక్కగోడకు చుట్టి ఉండే గుడ్డ పందిరినే ఆనింగ్ అంటారు. మీట నొక్కితే పరచుకునే నీడ కాబట్టి అదేదో గొడుగు లాంటిదనుకుంటాం. నిజానికి అది తెరచాప. జాలరిపేట పడవల మీద తెరచాపను ఎప్పుడు దించాలో తెలిసినవాళ్ల ఊరు మనది. ఆ తెలివిని అక్కడికీ పట్టుకెళ్లాలి.

ముందు బండిని సమతలంగా నిలపండి. చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, మూలల జాకీలు దించాకే ఆనింగ్ జోలికి వెళ్లాలి. అది సాధారణంగా తలుపు ఉన్న వైపే, అంటే అమెరికాలో బండికి కుడివైపు ఉంటుంది. ఎనిమిది అడుగుల దాకా గోడ నుంచి బయటికి వస్తుంది కాబట్టి ఆ మేర కొమ్మలు గాని, పక్కవాళ్ల బండి గాని లేకుండా చూసుకోండి.

చేతితో తెరిచే రకానికి ఇద్దరు ఉంటే మంచిది. పక్క కడ్డీలకు ఉన్న ప్రయాణపు గడియలు తీసి, బిగించి ఉన్న నాబ్‌లు వదులు చేయండి. గుడ్డ చుట్టి ఉన్న గొట్టం చివర చిన్న మీట ఉంటుంది. దాన్ని కొక్కెం కర్రతో తెరుచుకునే వైపు తిప్పి, గొట్టానికి ఉన్న లాగుడు పట్టీ పట్టుకుని నెమ్మదిగా లాగండి. గుడ్డ పూర్తిగా వచ్చాక కడ్డీలను పైకి జరిపి గుడ్డ బిగుతయ్యేలా నిలపండి. నాబ్‌లు మళ్లీ బిగించి, ఆ తరువాతే ఆనింగ్‌ను మోసే రెండు కాళ్లనూ ఒక్కొక్కటిగా కావలసిన ఎత్తుకు లేపండి. ఎత్తు సరిపోయిందో లేదో తలుపు తెరిచి చూడండి. తలుపు పైఅంచు గుడ్డకు రాసుకుంటే రెండు రోజుల్లో చిరుగు పడుతుంది.

ఆ గొట్టం లోపల బలమైన స్ప్రింగ్ ఉంటుంది. మూసేటప్పుడు పట్టీని గట్టిగా పట్టుకోకుండా మీటను చుట్టుకునే వైపు తిప్పితే గొట్టం ఒక్కసారిగా గోడ వైపు దూసుకుపోతుంది. వేళ్లు, మొహం దారిలో ఉంటే తప్పించుకునే వ్యవధి ఉండదు. పట్టీని ముంజేతికి చుట్టుకోకండి. గొట్టం చివరి మూతను మరమ్మతు పేరుతో ఎప్పుడూ విప్పకండి. పిల్లలను కూడా కాస్త దూరంగా నిలబెట్టండి.

కరెంటు రకం 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. మీట నొక్కి ఫోను చూస్తూ నిలబడకండి, కళ్లు గుడ్డ మీదే ఉండాలి. ఒక పక్క వెనకబడితే వెంటనే ఆపాలి. గుడ్డ అంతా వచ్చాక కూడా నొక్కుతూనే ఉంటే కొన్ని రకాల్లో అది గొట్టానికి తిరగేసి చుట్టుకుంటుంది.

మన పెళ్లిళ్లలో షామియానా వేసేవాళ్లు ఒక పక్కను కావాలనే దించి కడతారు. లేకపోతే వాన నీరు నడిమధ్య పొట్టలా నిలుస్తుంది. ఆనింగ్‌కూ ఒక కాలు తగ్గించి వాలు ఇవ్వాలి. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న గుడ్డ మీద సెంటీమీటరు మందాన నీరు నిలిచినా సుమారు 70 కిలోలు. సన్నని అల్యూమినియం కడ్డీలు ఆ బరువును మోయలేవు.

ఇక గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన తీరం దాటిన రోజు రేకులు కాగితాల్లా ఎగరడం చూసినవాణ్ని. అయినా అక్కడ మొదటి విడిదిలో, సాయంత్రం గాలి లేదు కదా అని ఆనింగ్ తెరిచే ఉంచి పడుకున్నాను. అర్ధరాత్రి ఉరుములతో వచ్చిన ఒక్క ఊపుకు గుడ్డ కడ్డీలతో సహా కప్పు మీదికి తిరగబడింది. లోపల నిద్రపోతున్న మా అబ్బాయి ఆ చప్పుడుకు లేచి ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పటి నుంచి పడుకునే ముందు, బయటికి వెళ్లే ముందు మూయకుండా ఉన్న రోజు లేదు.

అక్కడి వాతావరణ సూచనలు మైళ్లలో ఉంటాయి. గంటకు 20 అంటే మన లెక్కలో 32 కిలోమీటర్లు. ఆ అంకె కనబడే లోపే మూసేయాలని నా గట్టి అభిప్రాయం. సగటు వేగం కాక, ఉండుండి వచ్చే ఈదురుగాలి వేగం వేరుగా ఇస్తారు, దాన్నే చూడండి. నేలకు కట్టే పట్టీలు, మేకులు చిన్న గాలికి గుడ్డ కొట్టుకోకుండా పనికొస్తాయి. పెద్ద గాలికి వాటిని నమ్ముకోకండి. ఆనింగ్ పాడైతే ఖర్చు ఎవరిదో అద్దె ఒప్పందంలో ముందే చదవండి.

దాని కింద బొగ్గుల కుంపటి పెట్టకూడదు. చికెన్ కాల్చుకోవాలంటే దూరంగా, గాలి వాలు చూసుకుని పెట్టుకోండి. కడ్డీలకు ఊయల కట్టవద్దు, కుక్కను కూడా కట్టేయవద్దు.

వానలో తడిసినదాన్ని చుట్టక తప్పకపోతే చుట్టండి. కానీ ఎండ రాగానే మళ్లీ పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. విశాఖ తేమలో బీరువాలోని పట్టుచీరకు బూజు పట్టినట్టే దానికీ పడుతుంది. బయలుదేరే ముందు ప్రయాణపు గడియలు రెండూ పడ్డాయో లేదో చేత్తో లాగి చూడండి. ఒకరు చూశారని ఊరుకోక, బండి నడిపేవారు కూడా ఒకసారి దిగి చూసి ఎక్కండి.