పదిమందిని కదిలించే పని - 3వ పాఠం: కరపత్రం కన్నా ముందు వినడం

పోయిన పాఠంలో మీ వీధి పటం గీయమన్నాను, ఎవరింటి అరుగు మీద నలుగురూ చేరతారో అందులో గుర్తు పెట్టమన్నాను. ఈ వారం దానితో పనుంది. ఇంకా గీయకపోతే ముందు అది కానిచ్చి రండి, తొందరేం లేదు.

ఈసారి నేర్చుకునేది ఒక మనిషి దగ్గర కూర్చుని అరగంట మాట్లాడటం. ఇది కూడా ఒక పాఠమేనా అనకండి. నేనూ అలాగే అనుకుని బోల్తా పడ్డాను.

కొన్నేళ్ల కిందట విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్లో ‘పనివాళ్లు లిఫ్టు వాడరాదు’ అన్న బోర్డు చూసి ఒళ్లు మండిపోయింది నాకు. అంటరానితనాన్ని శిక్షించే చట్టం 1955లోనే వచ్చింది, 1976లో దాని పేరు పౌర హక్కుల పరిరక్షణ చట్టమని మార్చారు కూడా, కానీ బోర్డు మీద కులం పేరు రాయరు కదా, ‘పనివాళ్లు’ అని రాస్తే సరిపోతుంది. ఆ కోపంలోనే కరపత్రం రాసి, ఐదొందలు అచ్చేయించి, ఆరిలోవ నుంచి ఆ ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లని ఆదివారం మీటింగుకి పిలిచాను. పాతికమంది వచ్చారు. ముప్పావుగంట నేనే మాట్లాడాను, వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. మరుసటి ఆదివారం ఇద్దరే వచ్చారు, అందులో ఒకావిడ మాకిచ్చిన కుర్చీలు పట్టుకెళ్లడానికి వచ్చింది.

తర్వాత ఒకరోజు హనుమంతవాక జంక్షన్లో షేర్ ఆటో కోసం నిలబడితే ఆ కుర్చీల ఆవిడే కనబడింది. ఏంటప్పా, మీటింగుకి ఎవరూ రాలేదేం అన్నాను. కాసేపు అటూ ఇటూ చూసి అంది: “లిఫ్టుదేటుంది బాబూ, మెట్లెక్కేస్తాం. పొద్దున్న ఆరింటికొస్తే రెండింటికి గానీ ఇంటికెళ్లం. మూడిళ్లలో పని, ఒక్కింట్లోనూ బాత్రూముకి ఎళ్లనివ్వరు. అందుకే నీళ్లు తాగం.”

నా కరపత్రం రెండు పేజీలు. అందులో ఎక్కడా బాత్రూము అన్న మాట లేదు.

అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల పోరాటమంటే మనకి పెద్ద పెద్ద ఊరేగింపులే గుర్తొస్తాయి. నాకు ఇష్టమైంది మాత్రం ఒక కిరాణా కొట్టు వెనక గది. సౌత్ కరోలినాలో జాన్స్ ఐలాండ్ అనే దీవి ఉంది. అప్పట్లో అక్కడ ఓటు కావాలంటే రాజ్యాంగంలో ఒక ముక్క చదివి చూపించాలి, అలా చదువు రాని నల్లవాళ్లని ఓటుకి దూరం పెట్టేవారు. 1957 జనవరిలో, టీచరుగా పనిచేసిన సెప్టిమా క్లార్క్ అనే నల్లజాతి ఆవిడ ఆ కొట్టు వెనక పెద్దవాళ్ల కోసం బడి పెట్టించింది. పాఠం చెప్పడానికి టీచర్ని కాకుండా బెర్నీస్ రాబిన్సన్ అనే హెయిర్‌డ్రెస్సర్‌ని పెట్టారు, సొంత సంపాదన కాబట్టి తెల్లవాళ్లు ఉద్యోగం పీకేస్తారన్న భయం ఆమెకు లేదు. (క్లార్క్ టీచరు ఉద్యోగం అప్పటికే అలా పోయింది.) రాబిన్సన్ మొదట పిల్లల వాచకాలు పట్టుకెళ్లింది, అవి పెద్దవాళ్లకి పనికిరావని తొందరగానే తెలిసింది. మీకు ఏం నేర్చుకోవాలనుందని వాళ్లనే అడిగితే, సంతకం పెట్టడం, బైబిలు చదవడం, మనియార్డరు ఫారం నింపడం అన్నారు. పాఠాలు అక్కడి నుంచి మొదలయ్యాయి. వాళ్లది రంగు, మనది కులం, రెండూ ఒకటి కాదు, కానీ ఆమె వేసిన ప్రశ్న నేను వేయలేదు.

ఇక పని సంగతి. హాలుకి పిలవకండి, వాళ్లు ఉండే చోటికే, వాళ్లకి తీరిక దొరికే వేళకి వెళ్లండి. ఆరిలోవలో నాకు దొరికిన వేళ మధ్యాహ్నం మూడున్నర, అప్పటికి వంట అయిపోయుంటుంది, పిల్లలు ఇంకా బడి నుంచి రాలేదు. ‘మీ సమస్యలేంటి’ అని మాత్రం అడగొద్దు, అలా అడిగితే నాయకుడొచ్చాడనుకుని రోడ్డు, కుళాయి, రేషన్ అని గడగడా అప్పజెప్పేస్తారు. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి’ అనండి. గొంతు ఎక్కడ మారిందో గమనించి, అక్కడ ఇంకొక్క ప్రశ్న వేసి నోరు మూసుకోండి. ఇదే కష్టం. నాకైతే పది సెకన్ల మౌనం కూడా టెన్షనే, ఏదో ఒకటి మాట్లాడేసి అవతలి మనిషి నోటి దాకా వచ్చిన మాటని మింగించేస్తాను.

నోట్‌బుక్ తీయొద్దు. ఇంటికొచ్చాక రాసుకోండి, ఆవిడ మాట ఆవిడ అన్నట్టే. ‘నీళ్లు తాగం’ అన్నదాన్ని ‘పారిశుధ్య సౌకర్యాల కొరత’ అని రాశారంటే పాఠం మళ్లీ మొదటికొచ్చినట్టే. చేసి పెడతానని మాటివ్వకండి. లేచేముందు, ఇంకెవరితో మాట్లాడమంటారు అని అడగండి. ముగ్గురు నలుగురు ఒకే పేరు చెప్పారంటే ఆ బస్తీకి అసలు నాయకురాలు ఆవిడే, అప్పటిదాకా మీ పటంలో ఆవిడ ఇల్లు ఉండకపోవచ్చు కూడా.

మా దగ్గర ఆ పేరు కుర్చీల ఆవిడదే. మరో నలుగురిని వెంటబెట్టుకుని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లతో తనే మాట్లాడింది, నేను గేటు బయట ఉండిపోయాను. రెండు అపార్ట్‌మెంట్లలో కింద వాచ్‌మన్ బాత్రూము వాడుకోనిస్తున్నారు. లిఫ్టు బోర్డు ఇంకా ఉంది.

ఈ వారం ఐదుగురితో మాట్లాడండి, రోజుకి ఒకరికి మించొద్దు. అందులో ఇద్దరైనా మీ కులం కానివాళ్లు ఉండాలి. ప్రతి ఒక్కరి దగ్గరా విన్న ఒక్కో మాట పటం మీద వాళ్లింటి పక్కనే రాయండి. వచ్చే పాఠంలో ఆ ఐదుగురినీ ఒకచోట కూర్చోబెడదాం. కుర్చీలు మాత్రం ఇప్పుడే అడక్కండి.