పరస్పర అంగీకారంతో విడాకులు: దరఖాస్తు విధానం

పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకుల పత్రం, దాని మీద నోటరీ ముద్ర ఉన్నా సరే, హిందూ వివాహాన్ని రద్దు చేయదు. విడాకులను అనుమతించే ఆచారం తమ కులంలో అనాదిగా ఉందని కోర్టులో రుజువు చేయగలిగినవారికి 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది గాని, ఆ రుజువు అంత తేలిక కాదు. అలాంటి కాగితాన్ని నమ్ముకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే క్రిమినల్ కేసును ఎదుర్కోవలసి రావచ్చు. దంపతులిద్దరూ విడిపోవడానికి సమ్మతించినప్పుడు అనుసరించవలసిన మార్గం, 1976లో ఆ చట్టానికి చేర్చిన 13-బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం.

ఇందుకు దంపతులు కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి, ఇక కలిసి జీవించలేమన్న నిర్ణయానికి ఇద్దరూ వచ్చి ఉండాలి. ‘విడిగా’ అంటే వేర్వేరు ఇళ్లలోనే ఉండాలని కాదు. ఒకే కప్పు కింద ఉంటూ భార్యాభర్తలుగా మెలగకపోయినా సరిపోతుందని సుప్రీంకోర్టు 1991లో స్పష్టం చేసింది. అయినా పిటిషన్‌లో విడిపోయిన తేదీని కచ్చితంగా రాయాలి. ఏడాది నిండిందా లేదా అన్నది ఆ తేదీ నుంచే లెక్కిస్తారు.

పెళ్లి జరిగిన చోట గాని, దంపతులు చివరిగా కలిసి కాపురం చేసిన చోట గాని అధికార పరిధి ఉన్న ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ దాఖలు చేయవచ్చు. ఫ్యామిలీ కోర్టు లేని ప్రాంతాల్లో సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టు ఈ కేసులను విచారిస్తుంది. పెళ్లి ఫొటోలు, శుభలేఖ, వివాహ నమోదు పత్రం ఉంటే అది, ఇద్దరి ఆధార్ కార్డులు, చిరునామా రుజువులు, పిల్లలుంటే వారి జనన ధ్రువపత్రాలు, ఇద్దరి ప్రమాణ పత్రాలు పిటిషన్‌కు జతచేయాలి. మహిళలు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు.

అన్నింటికన్నా శ్రద్ధగా రాయించుకోవలసినవి ఒప్పందం షరతులు. భరణం ఒకేసారి ఇస్తారా, నెలనెలా ఇస్తారా. బంగారం, సామాన్లు ఎప్పుడు, ఎవరి ఎదుట అప్పగిస్తారు. ఉమ్మడి పేరున ఉన్న ఇల్లు, దాని మీది అప్పు ఎవరివి. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, రెండోవారు ఏ రోజుల్లో చూడవచ్చు అన్నవన్నీ మొత్తాలతో, తేదీలతో సహా పిటిషన్‌లోకి ఎక్కాలి. నోటిమాటగా మిగిలిపోయిన షరతును తర్వాత అమలు చేయించుకోవడం చాలా కష్టం. తల్లి తన భరణాన్ని వదులుకోవచ్చు గాని, బిడ్డ పోషణ హక్కును బిడ్డ తరఫున వదులుకోలేదు. డిక్రీ, అంటే విడాకులు మంజూరు చేసే కోర్టు ఉత్తర్వు, వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా సమ్మతిని ఉపసంహరించుకునే వీలుంది. కాబట్టి మొత్తం సొమ్మును మొదటి రోజే చెల్లించేయకుండా, కొంత పిటిషన్ దాఖలు చేసినప్పుడు, మిగిలినది రెండోసారి కోర్టుకు హాజరై తుది వాంగ్మూలం ఇచ్చే నాడు డీడీ రూపంలో ఇచ్చేలా రాసుకోవడం ఇరువురికీ క్షేమం.

పిటిషన్‌కు నంబరు పడ్డాక కోర్టు ఇద్దరినీ పిలిపించి, రాజీకి అవకాశం ఉందేమో చూసి, కౌన్సెలింగ్‌కు గాని మధ్యవర్తిత్వానికి గాని పంపవచ్చు. ఆ పైన పిటిషన్ వేసిన నాటి నుంచి ఆరు నెలలు గడిచాక, 18 నెలలు దాటకముందు, ఇద్దరూ రెండోసారి హాజరై డిక్రీ ఇవ్వమని కోరాలి. ఈ ఆరు నెలల నిరీక్షణ తప్పనిసరి కాదని అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. పిటిషన్ వేసే నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ వంటి అంశాలు పరిష్కారమైతే, పిటిషన్ వేసిన వారం తర్వాత మినహాయింపు కోరుతూ దరఖాస్తు వేయవచ్చు. మంజూరు చేయడం మాత్రం న్యాయమూర్తి విచక్షణ. నెల రోజుల్లో విడాకులు ఖాయమని ముందే హామీ ఇచ్చేవారిని నమ్మకపోవడం మంచిది.

విదేశాల్లో ఉన్నవారి విషయంలో, వీడియో కాన్ఫరెన్స్‌ను, తల్లిదండ్రులు లేదా తోబుట్టువుల ద్వారా ప్రాతినిధ్యాన్ని కోర్టులు అనుమతించవచ్చని అదే తీర్పు పేర్కొంది. అయితే ఒకరు అక్కడే ఏకపక్షంగా తెచ్చుకున్న డిక్రీ ఇక్కడ చెల్లుతుందనుకోరాదు. 1975లో తిరుపతిలో హిందూ సంప్రదాయంగా జరిగిన పెళ్లికి భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి తెచ్చుకున్న విడాకులను సుప్రీంకోర్టు 1991లో గుర్తించలేదు.

డిక్రీ ఇచ్చిన కోర్టు ఇద్దరికీ చెరొక ప్రతిని ఉచితంగా ఇవ్వాలని చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. ఇవి కాక రెండు మూడు సర్టిఫైడ్ కాపీలు తీసుకుంటే పాస్‌పోర్టు, బ్యాంకు, బీమా మార్పులకు పనికొస్తాయి. వరకట్న వేధింపుల కేసు ఏదైనా పెండింగ్‌లో ఉంటే అది విడాకులతో దానంతటదే ముగిసిపోదు. ఒప్పందంలో దాని ప్రస్తావన చేసి, కొట్టివేత కోసం హైకోర్టులో విడిగా పిటిషన్ వేయాలి.