ముగ్గుపిండితో జెరూసలేం: ఇజ్రాయెల్–పాలస్తీనా మీద చర్చ నడిపే పద్ధతి

నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా ఇజ్రాయెల్–పాలస్తీనా మాట ఎత్తితే పది నిమిషాల్లో గొంతులు పెరుగుతాయి. ఒకాయనకు ఇజ్రాయెల్ అంటే ఆదివారం చర్చిలో విన్న పేరు. ఇంకొకాయనకు పాలస్తీనా అంటే శుక్రవారం దువాలో విన్న పేరు. మూడో ఆయనకు ఈ రెండింటితో పనిలేదు, మన ఎన్నికల గొడవ తీర్చుకోవడానికి ఒక సాకు దొరికితే చాలు.

గ్రంథాలయాల్లో, కాలేజీల్లో, చదువరుల సంఘాల్లో దీని మీద కూర్చోబెట్టి మాట్లాడించాలనుకునేవాళ్ళ కోసం ఈ పద్ధతి. ‘న్యాయం ఎవరిది’ అనే దగ్గర మొదలైన మాటను ‘తాళంచెవి ఎవరి దగ్గరుండాలి, నీళ్ళు ఎన్ని, దారి ఎటు’ అనే దాకా దించుకు రావాలి. మతం పేరుతో రెచ్చిపోయేవాళ్ళు రెండు వైపులా ఉండగా మామూలు జనం పక్కపక్కన బతకగలరా అన్నది ఆ కింది మెట్టు మీదే తేలుతుంది.

మనుషులు, వేళ

పన్నెండు నుంచి పదహారు మంది చాలు. ఇరవై దాటితే వెనక వరసలో వేరే సభ మొదలవుతుంది. శనివారం మధ్యాహ్నం మూడున్నరకు మొదలుపెట్టి ఆరులోపు, చలికాలంలో పొద్దు త్వరగా గుంకుతుంది కాబట్టి ఐదున్నరలోపు ముగించండి, మగ్రిబ్ నమాజుకు పోయేవాళ్ళకు ఇబ్బంది ఉండదు. శుక్రవారం మధ్యాహ్నమో ఆదివారం పొద్దున్నో పెట్టారంటే సగం మందిని మీరే రావద్దన్నట్టు. బ్యానరు, జెండా, మైకు ఏవీ వద్దు. మైకు చేతికొస్తే మెత్తటి మనిషి కూడా ఉపన్యాసం ఎత్తుకుంటాడు. నడపడానికి ఇద్దరుండాలి: మాట అందించే ఒకరు, గడియారం చూసే ఒకరు. మనిషికి రెండేసి నిమిషాలు. ఎదుటివాళ్ళకు జవాబు చెప్పేముందు వాళ్ళన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. వాళ్ళు ‘ఆ, అదే నేనన్నది’ అన్నాకే సొంత మాట. ఈ ఒక్క నియమం సగం కొట్లాటను ఆపుతుంది, చర్చను బాగా నెమ్మది కూడా చేస్తుంది. కాబట్టి ఎక్కువ అంశాలు పెట్టుకోకండి.

నేల మీద పటం

దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఐదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న వరండా, కిలో తెల్ల ముగ్గుపిండి, రెండు రంగుల పొడి, సుద్దముక్కలు, కొలత టేపు, ఒక చింతగింజ, ఒక నువ్వుగింజ కావాలి. కిలోమీటరుకు సెంటీమీటరు లెక్క.

ముందు సుద్దతో హద్దులు గీయండి. ఉత్తరం కొస నుంచి దక్షిణాన ఎయిలాత్ దాకా నాలుగు మీటర్ల పైచిలుకు వస్తుంది. పడమట మధ్యధరా సముద్రం, తూర్పున జోర్డాన్ నది, మృతసముద్రం. లోపల 1949 కాల్పుల విరమణ గీత వేయండి. జోర్డాన్ నదికి పడమటి ఒడ్డున పాలస్తీనావాళ్ళుండే వెస్ట్‌బ్యాంక్ సుమారు 130 సెంటీమీటర్ల పొడవు. సముద్రం ఒడ్డున వాళ్ళుండే ఇంకో ముక్క గాజా 41 సెంటీమీటర్ల పొడవు, 6 నుంచి 12 వెడల్పు. వెస్ట్‌బ్యాంక్ అంచుకూ సముద్రానికీ మధ్య ఇజ్రాయెల్ నడుము నెతన్యా ఊరి దగ్గర 15 సెంటీమీటర్లే. ఇజ్రాయెలీల భయం ఆ నడుము దగ్గర, గాజావాళ్ళ ఇరుకు ఆ 41 దగ్గర కంటికి కనబడతాయి.

చాలామంది గాజాను వెస్ట్‌బ్యాంక్‌కు ఆనించి గీసేస్తారు. రెంటికీ మధ్య, దగ్గర చోట కూడా, 30 సెంటీమీటర్ల పైనే ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే ‘రాకపోకలకు దారి ఎట్లా’ అన్న ప్రశ్నే పుట్టదు.

మన కొలత కూడా చెప్పండి. 2022కు ముందటి నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ కలిపితే సుమారు 30,700 చదరపు కిలోమీటర్లు. సిరియా నుంచి ఇజ్రాయెల్ పట్టుకున్న గోలాన్ కొండలు వదిలేస్తే ఇజ్రాయెల్, వెస్ట్‌బ్యాంక్, గాజా మూడూ కలిసి దాదాపు 27,000. అందులో యూదులు సుమారు 70 లక్షలు, పాలస్తీనా అరబ్బులు సుమారు 70 లక్షలు. గాజా పొడవు నెల్లూరు నుంచి కావలి దూరం కూడా ఉండదు, అందులో ఇరవై లక్షల పైన జనం.

ఇప్పుడు రంగులు. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకులు చేసుకున్న 1995 ఒప్పందం వెస్ట్‌బ్యాంక్‌ను ఏ, బీ, సీ అని మూడు చేసింది. పాలస్తీనా పాలన పూర్తిగానో కొంతో ఉన్న ఏ, బీ కలిపి 40 శాతం లోపు, అవి 160కి పైగా ముక్కలు. వాటిని చుట్టుకుని ఎక్కడా తెగకుండా ఉన్న నేలంతా సీ, దాని మీద పూర్తి అదుపు ఇజ్రాయెల్ సైన్యానిది. ముక్కలను చుక్కలుగా ఒక రంగు, మిగతాది ఇంకో రంగు పోయించండి. ఈ పని కాలేజీ పిలకాయలకివ్వండి. చుక్కలు పెట్టీ పెట్టీ విసుగొచ్చేసరికి ‘వేరే దేశం ఇస్తే సరిపోతుందిగా’ అన్న మాటలోని చిక్కు వాళ్ళకే అర్థమవుతుంది. ఇరుపక్షాల మొదటి ఒప్పందం, ఓస్లో, జరిగిన 1993లో వెస్ట్‌బ్యాంక్‌లో యూదు సెటిలర్లు, అంటే అక్కడ కాలనీలు కట్టుకుని ఉంటున్న ఇజ్రాయెలీలు, తూర్పు జెరూసలేం కాక, సుమారు లక్షా పదివేలు. ఇప్పుడు ఐదు లక్షల పైనే ఉన్నారు. ఆ మొదటి ఒప్పందం మీద సంతకాలైన తర్వాతే నాలుగింతలు దాటారన్నది గోడ మీద రాసిపెట్టండి.

చివరికి జెరూసలేం పాతనగరం దగ్గర చింతగింజ పెట్టండి. ఈ కొలతకు అది సరిగ్గా సరిపోతుంది. చింతగింజ మీద నువ్వుగింజ: రెండు మతాలకూ పవిత్రమైన ఒకే చోటు, ముస్లింలకు అల్ అక్సా ఆవరణ, యూదులకు టెంపుల్ మౌంట్. పటమంతా చూసినవాళ్ళు ఆ నువ్వుగింజ కోసం వంగి చూస్తారు. మాట మొదలెట్టాల్సింది అప్పుడు.

తాళంచెవి

ఆ చింతగింజలోనే క్రైస్తవుల పవిత్ర సమాధి చర్చి ఉంది. దాని తాళంచెవి శతాబ్దాలుగా జౌదే అనే ముస్లిం కుటుంబం దగ్గరుంటుంది, తలుపు తీసేది నుసైబే అనే ఇంకో ముస్లిం కుటుంబం. లోపలి క్రైస్తవ శాఖలకు ఒకరి మీద ఒకరికి నమ్మకం చాలక వచ్చిన ఏర్పాటిది. అల్ అక్సా ఆవరణ నిర్వహణ జోర్డాన్ కింది వక్ఫ్‌ది, పోలీసు కాపలా ఇజ్రాయెల్‌ది. 1967 తర్వాతి కట్టుబాటు ప్రకారం యూదులు సందర్శించవచ్చు, ప్రార్థన కూడదు. ఆ కట్టుబాటు సడలినట్టు అనిపించిన ప్రతిసారీ మంట లేస్తుంది. ప్రేమ లేనిచోట కూడా ఏర్పాటు నిలబడుతుంది, దాన్ని కాచుకునేవాళ్ళుంటే. చర్చకు ఇంతకంటే మంచి వస్తువు దొరకదు.

ఇక్కడ ఎవరో ఒకరు మన రొట్టెల పండుగ ఎత్తుతారు. బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి హిందువులూ ముస్లింలూ రొట్టెలు మార్చుకోవడం లేదా అని. మంచి మాటే గానీ పోలిక అతకదు. ఆ చెరువు ఏ దేశానిదన్న తగాదా మనకు లేదు, రొట్టె పట్టడానికి పోయేవాణ్ణి చెక్‌పోస్టులో ఆపేవాడూ లేడు. మన సోమశిల, కండలేరు పోలిక కొంత నయం. తెలుగుగంగలో మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు చెన్నైకి ఒప్పుకున్నాయి, దానికి లెక్కలున్నాయి, అడిగే చోట్లున్నాయి. 1995 ఒప్పందం పెట్టిన ఉమ్మడి నీటి కమిటీలో ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే వెస్ట్‌బ్యాంక్‌లో బావి తవ్వాలి, కానీ ఇజ్రాయెల్ లోపలి నీళ్ళ మీద ఆ కమిటీకి మాట లేదు. ఎగువా దిగువా తగాదా చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆరు చీటీలు

1993 సెప్టెంబర్ 13: ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల ఓస్లో శాంతి ఒప్పందం మీద సంతకాలు. 1994 ఫిబ్రవరి 25: వెస్ట్‌బ్యాంక్‌లోని హెబ్రోన్ ఇబ్రహీమి మసీదులో, రంజాన్ నమాజులో ఉన్న 29 మందిని యూదు సెటిలర్ బరూఖ్ గోల్డ్‌స్టీన్ కాల్చి చంపాడు. ఏప్రిల్ 1994: దానికి బదులంటూ ఇజ్రాయెల్ ఊరు అఫూలాలో పాలస్తీనా ఇస్లామిక్ సాయుధ సంస్థ హమాస్ బాంబు. 1995 నవంబర్ 4: ఓస్లో ఒప్పందం చేసుకున్న ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను యూదు ఛాందసుడు యిగాల్ అమీర్ చంపాడు. 1996 ఫిబ్రవరి, మార్చి: బస్సుల్లో హమాస్ బాంబులు. 1996 మే: ఇజ్రాయెల్ ప్రధాని ఎన్నికలో, ఓస్లోను వ్యతిరేకించిన నెతన్యాహు సుమారు ఒక్క శాతం తేడాతో గెలుపు.

తేదీలు కనబడకుండా చీటీలు కలిపి, వరస పెట్టమనండి. తర్వాత ఒక్కో చీటీకి ఒకే ప్రశ్న: దీనివల్ల ఎదుటి పక్క ఎవరికి బలమొచ్చింది? ఒక వైపు ఛాందసుడికి రెండో వైపు ఛాందసుడే అక్కరకొచ్చాడని ఎవరూ చెప్పకుండానే బయటపడుతుంది. ఆ పైన ఇంకో ప్రశ్న వేయండి: ఈ చీటీల మధ్య ఒప్పందాన్ని నిలబెట్టగల ఏర్పాటు ఏముండాల్సింది?

మతంలో కత్తులే కాదు, పట్టుకోవడానికి పిడులూ ఉన్నాయి. ప్రాణరక్షణ కోసం భూమి వదులుకోవచ్చని రబ్బీ, అంటే యూదు మతగురువు, ఒవాదియా యోసెఫ్ తీర్పు చెప్పాడు. ఇస్లాంలో దీర్ఘకాల సంధికి హుద్నా అనే మాట ఉంది, హమాస్ స్థాపకుడు అహ్మద్ యాసిన్ కూడా దాన్ని ఎత్తాడు. తెకోవా సెటిల్మెంట్ రబ్బీ మెనాఖెమ్ ఫ్రోమన్ హమాస్ వాళ్ళతోనే మాటలు నడిపాడు. పిల్లల్ని పోగొట్టుకున్న రెండు వైపుల తల్లిదండ్రుల వేదిక 1995 నుంచి ఉంది. వీటిని చీటీల తర్వాతే చెప్పండి. ముందే చెబితే తీపి మాటల్లా తేలిపోతాయి.

ఎక్కడ చెడుతుంది

బైబిల్లోని ఇశ్రాయేలీయులను, 1948లో ఏర్పడ్డ దేశాన్ని ఒకటిగా పట్టుకోవడం ఒంగోలు వైపు ఎక్కువ. వాదించకండి. బెత్లెహేములో ఇప్పటికీ అరబ్బీలో ఆరాధన చేసుకునే పాలస్తీనా క్రైస్తవులున్నారని చెబితే చాలు, మాట దారికొస్తుంది. యూదులందరూ, ముస్లింలందరూ అని ఎవరన్నా ‘కొందరు’ అని దిద్దించండి, ఎన్నిసార్లయినా.

చావుల లెక్క రెండో గొయ్యి. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని పట్టుకుపోయారు. తర్వాత గాజాలో చనిపోయినవాళ్ళు అక్కడి ఆరోగ్యశాఖ లెక్కన 60 వేల పైన. రెండూ ఒకే సైజు అక్షరాలతో గోడ మీద రాసి ఉంచండి, ఒకదానిలోంచి ఒకటి తీసివేయనివ్వకండి.

భారత్ ఎటువైపు అన్న పేచీ తప్పదు. 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసింది, 1988లో పాలస్తీనాను గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఈ మూడూ చదివి ముందుకు పోండి.

అయిపోయాక పటాన్ని నీళ్ళు చల్లి మీరే కడిగేయండి. ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టనివ్వకండి. హద్దు గీత ఒక సెంటీమీటరు అటూ ఇటూ పోయిందని మర్నాడు పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి.