పాత ఎక్స్‌పల్స్ కొనబోతున్నారా? ముందు ఇవి చూడండి

హీరో ఎక్స్‌పల్స్ 200 మట్టిదారులను ఉద్దేశించి చేసిన బండి. కాబట్టి మీటరులో కిలోమీటర్లు తక్కువగా కనిపించాయని సంబరపడకండి. ఆ కొద్ది దూరం రాళ్లలో తిరిగిందేమో చూడాలి.

• పగటి వెలుగులోనే వెళ్లండి. మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని యజమానికి ముందే చెప్పండి. చల్లటి ఇంజిన్ మొరాయిస్తే అప్పుడే తెలుస్తుంది.

• ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులపై (షాక్ అబ్జార్బర్ గొట్టాలపై) నూనె జిడ్డు ఉంటే, లోపలి నూనెను ఆపే సీళ్లు పోయినట్టే.

• ముందు చక్రాన్ని పైకెత్తించి హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పండి. మధ్యలో పట్టేస్తే స్టీరింగ్ బేరింగులు అరిగాయి. అలాగే ఆ 21 అంగుళాల చక్రాన్ని తిప్పి రిమ్ము వంకర చూడండి, ఊచలు వదులుగా ఉన్నాయేమో తట్టి చూడండి.

• వంగి ఇంజిన్ అడుగుభాగం చూడండి. గీతలు సహజం. కానీ లోతైన సొట్టలు, ఫ్రేము అతుకుల దగ్గర కొత్త రంగు కనిపిస్తే, బండి ఎంత నచ్చినా వదిలేయండి. దయచేసి ఇక్కడ మాత్రం రాజీపడకండి. విరిగితే అతికించి రంగేసిన ఫ్రేము ప్రాణం మీదికి తెస్తుంది.

• ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బండిపై ఉన్నవాటితో మీరే సరిపోల్చండి. చలానాలూ చూసుకోండి.

• బండిపై రుణం ఉంటే ఫైనాన్స్ సంస్థ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్‌సీలో రుణం నమోదును తొలగించే ఫారం 35 అందేవరకు పూర్తి డబ్బు ఇవ్వకండి.

• బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 పూర్తిగా నింపాకే సంతకాలు చేయించండి. బీమాను మీ పేరుకు మార్చమని బదిలీ తేదీ నుంచి 14 రోజుల్లోగా దరఖాస్తు చేయండి.