డబ్బాలో దొరికిన ఇనుము ఏ బండిది? పాత బ్రిటిష్ ఇంజన్ సామాను: సమస్యలు – పరిష్కారాలు

ఇంగ్లాండులో ఆటోజంబుల్ అంటే మన వారపు సంత లాంటిదే. కూరగాయల బదులు గ్రీజు పట్టిన ఇనుము పోసి అమ్ముతారు. బర్మింగ్‌హామ్‌లో నేను ఉండే చోటికి స్మాల్ హీత్‌లోని పాత బీఎస్ఏ మోటార్‌సైకిల్ ఫ్యాక్టరీ స్థలం ఎంతో దూరం కాదు. ట్రయంఫ్ బళ్లు తయారైన మెరిడెన్ కూడా దగ్గరే. అందుకే ఈ చుట్టుపక్కల ఎవరి షెడ్డు ఖాళీ చేసినా ఒక డబ్బా సామాను బయటపడుతుంది. డబ్బా మీద అట్టముక్క, దాని మీద మార్కర్‌తో "ట్రయంఫ్ 650" అని రాత. రాసినవాడికి ఇంకెవడో చెప్పి ఉంటాడు, అంతే.

అలాంటి డబ్బా ఒకటి కొని ఇంటికి తెస్తే అందులో మూడు కంపెనీల సామాను తేలింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఏ పార్టుకైనా ఇద్దరు సాక్షులు కావాలి. కొలత ఒకటి చెబితే ఆకారం దాన్ని ఒప్పుకోవాలి, నంబరు ఒకటి చెబితే థ్రెడ్ (మర చుట్లు) ఒప్పుకోవాలి. ఒక్క సాక్షిని నమ్మి డబ్బు పోగొట్టుకున్న సందర్భాలే కింద ఎక్కువగా ఉన్నాయి.

సమస్య: పార్టు మీద నంబరు ఉంది, ఎక్కడ వెతికినా దొరకట్లేదు

కారణం: ఆ నంబరు ఉబ్బెత్తుగా ఉందా, లోపలికి గుద్ది ఉందా చూడండి. ఉబ్బెత్తుగా ఉంటే అది పోత నంబరు, అచ్చులోంచే వచ్చింది. ఒకే పోతను రెండు మూడు రకాలుగా మెషినింగ్ చేసి, వేర్వేరు పార్టు నంబర్లతో అమ్మేవాళ్లు. పార్టుల పుస్తకంలో ఉండేది ఆ పార్టు నంబరే. పోత నంబరు మహా అయితే "ఈ కుటుంబానికి చెందినది" అని చెబుతుంది, అంతకు మించి చెప్పదు.

పరిష్కారం: గుద్దిన నంబరు కోసం వెతకండి. ట్రయంఫ్‌లో ఇంజన్ సామానుకి ముందు E (ఈ) అక్షరం, గేర్‌బాక్స్ సామానుకి T (టీ) అక్షరం ఉండేవి. తర్వాత అవే 70, 57తో మొదలయ్యే నంబర్లయ్యాయి. పాత ఈ3134 క్యామ్‌షాఫ్ట్ (వాల్వులని నడిపే షాఫ్ట్) కొత్త పుస్తకంలో 70-3134గా కనిపిస్తుంది. బీఎస్ఏ మోడళ్లలో 67 అంటే ఏ10 కుటుంబం, 68 అంటే ఏ50, ఏ65, 40 అంటే సీ15. నార్టన్ కంపెనీ కమాండో మోడల్ సామాను 06తో మొదలవుతుంది.

నంబరు కనపడలేదని వైర్ బ్రష్షో, ఇసుక బ్లాస్టింగో పెట్టకండి. లోతు లేని గుద్దుళ్లు దాంతోనే చెరిగిపోతాయి. కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో తోమి, సుద్దముక్క రుద్ది తుడవండి. తర్వాత గదిలో లైటు ఆర్పి టార్చి ఏటవాలుగా వేస్తే, అప్పటిదాకా లేని అంకె ఒకటి నీడలోంచి పైకి లేస్తుంది.

సమస్య: బోర్ కొలత సరిపోయింది, కానీ బ్యారెల్ కూర్చోవట్లేదు

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బ్యారెల్ అంటే సిలిండర్ దిమ్మ, బోర్ అంటే దాని రంధ్రం వ్యాసం, స్ట్రోక్ అంటే అందులో పిస్టన్ కదిలే దూరం. ముందు స్టాండర్డ్ కొలతలు. మొదటిది బోర్, రెండోది స్ట్రోక్, అన్నీ మిల్లీమీటర్లలో:

- ట్రయంఫ్: 650కి 71×82, 750 టీ140కి 76×82, యూనిట్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉన్న) 500కి 69×65.5, అంతకు ముందరి ప్రీ-యూనిట్ 500కి 63×80
- బీఎస్ఏ: ఏ10కి 70×84, ఏ65కి 75×74, ఏ50కి 65.5×74, సైడ్ వాల్వ్ ఎం20కి 82×94
- నార్టన్: డామినేటర్ 88కి 66×72.6, 99కి 68×82, అట్లాస్‌కీ కమాండో 750కీ 73×89, కమాండో 850కి 77×89
- రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్: 350కి 70×90, 500కి 84×90

కారణం: బ్యారెల్ అరిగితే బోర్ పెద్దది చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. 20, 40, 60 థౌ అని మెట్లు ఉంటాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇప్పుడు లెక్క చూడండి. ఏ10 బోర్ 70. దానికి 40 థౌ, అంటే 1.016 మిల్లీమీటర్లు కలిపితే 71.016. ట్రయంఫ్ 650 స్టాండర్డ్ బోర్ 71! వెర్నియర్ (వ్యాసం కొలిచే స్కేలు) పెట్టినవాడికి ఏ10 బ్యారెల్ కొత్త ట్రయంఫ్ బ్యారెల్‌లా కనిపిస్తుంది. నా డబ్బా మీద అట్టముక్క చేసిన మోసం కూడా సరిగ్గా ఇదే. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, వెర్నియర్ చెప్పిందే రాశాడు.

పరిష్కారం: బోర్ కొలిచాక పుష్‌రాడ్లు (వాల్వులని ఎత్తే కడ్డీలు) ఎటు నుంచి పైకి వెళ్తాయో చూడండి. ట్రయంఫ్ ట్విన్‌లో (రెండు సిలిండర్ల ఇంజన్‌లో) ముందొక క్యామ్‌షాఫ్ట్, వెనకొక క్యామ్‌షాఫ్ట్. పుష్‌రాడ్లు రెండు సిలిండర్ల మధ్య ముందూ వెనకా విడి గొట్టాల్లో వెళ్తాయి. బీఎస్ఏ ట్విన్‌లో ఒకే క్యామ్‌షాఫ్ట్, అది వెనక ఉంటుంది. బ్యారెల్ వెనక భాగంలోనే పుష్‌రాడ్ల దారి పోతపోసి ఉంటుంది. నార్టన్‌లో కూడా క్యామ్‌షాఫ్ట్ ఒకటే, కానీ ముందు వైపు. చేతికి దొరికింది రెండు సిలిండర్లు కలిసిన దిమ్మ కాకుండా విడి సిలిండర్ అయితే, అది సింగిల్ బండిదే అనుకోకండి. మ్యాచ్‌లెస్, ఏజేఎస్ కంపెనీల ట్విన్లకీ రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్విన్లకీ సిలిండర్లు విడివిడిగానే ఉంటాయి.

పిస్టన్ మాత్రమే దొరికితే ఇంకా జాగ్రత్త. 1951 తర్వాతి బీఎస్ఏ ఏ7, నార్టన్ 88 రెండింటి కొలతా 66×72.6. కాకతాళీయమో కాదో మీరే చెప్పండి, డామినేటర్ ఇంజన్ గీసిన బర్ట్ హాప్‌వుడ్ తర్వాత బీఎస్ఏకి వెళ్లి ఏ10 గీశాడు. విన్సెంట్ అనే ఇంకో బ్రిటిష్ బండి బోర్, స్ట్రోక్ 84×90, అంటే అచ్చం 500 బుల్లెట్ కొలతే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 700 ట్విన్‌కి 70×90, అంటే మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన 350 బుల్లెట్ సిలిండర్లు రెండు పక్కపక్కన పెట్టిన లెక్క. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్ ఆ 350 వంశమే. ఇవన్నీ బోర్ ఒకటే కదా అని మార్చి వేసేవి కావు. గజన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను) వ్యాసం, పిన్ మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు, వాల్వ్ కోసం తలలో చెక్కిన గుంతల కోణం, ఈ మూడూ కొలిచాకే పేరు పెట్టండి. పిస్టన్ తల మీద +40 అనో +20 అనో గుద్ది ఉంటే ముందు అది తీసేసి, మిగిలినదాన్ని స్టాండర్డ్‌తో పోల్చాలి.

సమస్య: క్రాంక్‌కేస్ రెండు భాగాలూ ఏ10వే, బోల్టులు బిగిస్తే క్రాంక్ తిరగట్లేదు

కారణం: రెండూ ఏ10వే, కానీ ఒకే ఏ10వి కావు. ఆ కాలపు క్రాంక్‌కేస్ (క్రాంక్ షాఫ్ట్‌ని పట్టుకునే ఇంజన్ కింది పెట్టె) రెండు సగాలనీ ఫ్యాక్టరీలో జోడీగా బిగించి మెషినింగ్ చేసేవారు. ఎడమది ఒక ఇంజన్‌దీ, కుడిది ఇంకొకదానిదీ అయితే బేరింగ్ రంధ్రాలు ఒకే గీత మీదకి రావు.

పరిష్కారం: ఎడమ సగం, కుడి సగం తిరగేసి అడుగు వైపు చూడండి. జోడీ నంబరు రెండింటి మీదా ఒకేలా గుద్ది ఉండాలి. ఇంజన్ నంబరు వేరు, ఇది వేరు. ఇంజన్ నంబరు ఒక్క సగం మీదే ఉంటుంది కాబట్టి అది చూసి "మ్యాచింగ్" అని అమ్మేవాళ్ల మాటకి అర్థం లేదు.

అడుగు గీసుకుపోయి జోడీ నంబరు చదవడానికి రాకపోతే క్రాంక్ లేకుండా రెండు సగాలూ కలిపి బిగించండి. బ్యారెల్ కూర్చునే చోట అతుకు మీద వేలిగోరు అడ్డంగా లాగండి. జోడీ అయితే గోరు జారిపోతుంది. కాకపోతే సన్నని మెట్టు దగ్గర టక్కున ఆగుతుంది. నాకు ఆగింది. స్టీల్ స్కేలు నిలువుగా పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఆకులు) దూరిస్తే 4 థౌ ఆకు వెళ్లింది. 4 థౌ అంటే ఎంత, పట్టించుకోనక్కర్లేదు అనిపిస్తుంది. కానీ అక్కడే నూనె కారుతుంది, కిందనున్న బేరింగులూ అంతే పక్కకి జరిగి ఉంటాయి. పై ముఖాన్ని మిషన్ మీద చదును చేయించి వదిలేయొద్దు. అది నూనెని ఆపుతుంది గానీ బేరింగులని ఒక గీత మీదకి తేదు. బేరింగ్ రంధ్రాలని ఒకే గీతలో చెక్కే (లైన్ బోరింగ్) వర్క్‌షాపుకి ఇవ్వాలి, లేదా ఆ సగానికి అసలు జోడీ వెతకాలి. నేను రెండోది చేశాను, పదకొండు నెలలు పట్టింది.

కనెక్టింగ్ రాడ్‌కీ దాని క్యాప్‌కీ ఇదే నియమం. రాడ్ మీద ఉన్న చుక్కలో అంకెలో క్యాప్ మీద కూడా ఉండాలి, రెండూ ఒకే వైపుకి రావాలి.

సమస్య: బోల్టు రెండు చుట్లు హాయిగా ఎక్కి మూడో చుట్టుకి బిగుసుకుంటోంది

కారణం: అది మిల్లీమీటరు బోల్టు, కేసు బ్రిటిష్ సైకిల్ థ్రెడ్. 5/16 అంగుళం సైకిల్ థ్రెడ్ వ్యాసం 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 26 చుట్లు. మనం ఎక్కిస్తున్న 8 మిల్లీమీటర్ల ఫైన్ బోల్టుకి అంగుళానికి 25.4. రెండు చుట్లలో తేడా తెలియదు. బలం పెడితే అల్యూమినియం థ్రెడ్ మొత్తం బోల్టుకి చుట్టుకుని బయటికి వస్తుంది.

పరిష్కారం: థ్రెడ్ గేజ్ (రకానికో పళ్ల ఆకు ఉండే కొలత సాధనం) కొనండి. ఈ పనికి వెర్నియర్ తర్వాత అదే ముఖ్యం. 5/16 సైజుకి పాత బ్రిటిష్ రకం విట్‌వర్త్ అయితే అంగుళానికి 18 చుట్లు, దాని సన్న రకం బీఎస్ఎఫ్ 22, తర్వాత వచ్చిన యూఎన్ఎఫ్ 24, సైకిల్ థ్రెడ్ 26. విట్‌వర్త్, బీఎస్ఎఫ్ పళ్ల కోణం 55 డిగ్రీలు. సైకిల్, యూఎన్ఎఫ్‌లకి 60. ఆకు పళ్ల మధ్య వెలుతురు కనిపించకూడదు. కనిపిస్తే అది ఆ థ్రెడ్ కాదు.

ఇదే మీ రెండో సాక్షి కూడా. ట్రయంఫ్, బీఎస్ఏ 1960ల చివర్లో మెల్లమెల్లగా యూఎన్ఎఫ్‌కి మారాయి. 1955 నాటిదని చెబుతున్న కేసులో అన్నీ యూఎన్ఎఫ్ స్టడ్డులే ఉంటే ఎవరో తర్వాత మార్చారు, లేదా ఆ సంవత్సరమే తప్పు. అయితే మార్పు జరుగుతున్న ఏళ్లలో ఒకే ఇంజన్‌లో రెండు రకాలూ కలిసి ఉండేవి, కాబట్టి ఒక్క బోల్టు చూసి తీర్పు చెప్పకండి.

పానాల సంగతి కూడా ఇక్కడే. విట్‌వర్త్ పానా మీద రాసింది నట్టు వెడల్పు కాదు, బోల్టు వ్యాసం. 1/4 విట్‌వర్త్ పానా నోరు 0.525 అంగుళం, అంటే సుమారు 13.3 మిల్లీమీటర్లు. అదే పానా 5/16 బీఎస్ఎఫ్‌కీ సరిపోతుంది. మన 13 పానా దూరదు, 14 పెడితే నట్టు గుండ్రమైపోతుంది. డబ్బాలో మూలలు అరిగిపోయిన నట్లు కనిపిస్తే ఇంతకు ముందు విప్పినాయన చేతిలో 14 పానా ఉందన్నమాట.

సమస్య: ఏ10 క్రాంక్‌కి బేరింగ్ షెల్ వదులుగానో బిగువుగానో ఉంది

ఏ10 క్రాంక్ మీద రాడ్ తిరిగే చోటుని జర్నల్ అంటారు. చిన్న జర్నల్ 1.460 అంగుళాలు. 1958 నుంచి వచ్చిన పెద్ద జర్నల్ సుమారు 1.687. రాడ్లు ఒకదానివి ఇంకోదానికి పట్టవు. షెల్ (జర్నల్‌కీ రాడ్‌కీ మధ్య ఉండే పల్చటి బేరింగ్ ముక్క) వెనక 010, 020 అని ఉంటే అది గ్రైండింగ్ చేసిన క్రాంక్ కోసం. మైక్రోమీటర్‌తో జర్నల్‌ని రెండు దిక్కుల్లో కొలిచాకే షెల్ కొనండి.

సమస్య: ఇంజన్ నంబరు చూస్తే అనుమానంగా ఉంది

ట్రయంఫ్ నంబరు ఎడమ వైపు, బ్యారెల్ కూర్చునే అంచుకి కాస్త కింద ఉంటుంది. 1969 మోడళ్ల నుంచి మొదట రెండు అక్షరాల తేదీ కోడ్ వస్తుంది: మొదటిది నెల, రెండోది మోడల్ సంవత్సరం. ఇక్కడే చాలామంది పొరబడతారు. మోడల్ సీజను ఆగస్టులో మొదలవుతుంది. ఎన్ అంటే అక్టోబరు, సీ అంటే 1969 మోడల్. కాబట్టి ఎన్‌సీ ఇంజన్ తయారైంది 1968 అక్టోబరులో. ఎఫ్, ఐ అక్షరాలు ఈ కోడ్‌లో లేవు. అవి కనిపిస్తే అక్కడే ఆగండి. ఆ కాలపు నంబరు వెనక గట్టు మీద ట్రయంఫ్ పేరు సన్నగా వరసలుగా గుద్ది ఉంటుంది. నంబరు ఉండి ఆ వరసలు లేకపోతే ఎవరో రుద్ది మళ్లీ కొట్టారు.

కమాండోలో 300000, ఆ పైన ఉంటే 850. కానీ బోర్ 73 వస్తే, ఆ కేసు మీద 750 బ్యారెల్ కూర్చోబెట్టి అమ్ముతున్నారు. కాగితాల కోసం అయితే వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర చాలా కంపెనీల పాత ఫ్యాక్టరీ రికార్డులు ఉన్నాయి. డబ్బు కట్టే ముందే అడగండి.

సమస్య: కార్బొరేటర్, మాగ్నెటో చూసి బండి పేరు చెప్పవచ్చా?

చెప్పలేరు. కార్బొరేటర్లు చేసే అమల్, మాగ్నెటోలు (స్పార్క్ కరెంటు పుట్టించే పరికరాలు) చేసే లూకస్ అన్ని కంపెనీలకీ అమ్మేవి. లూకస్ కే2ఎఫ్ మాగ్నెటో ట్రయంఫ్ మీదా ఉంటుంది, బీఎస్ఏ మీదా, నార్టన్ మీదా ఉంటుంది. దాని మీద గుద్దిన నెల, సంవత్సరం మాత్రం పనికొస్తాయి. అమల్ కార్బొరేటర్లలో మోనోబ్లాక్ రకం 1955 నాటిది, కాన్సెంట్రిక్ 1967 నాటిది. కాన్సెంట్రిక్ మీద 930 అంటే 30 మిల్లీమీటర్ల నోరు, 626 అంటే 26. ముందు ఎల్ ఉంటే ఎడమది, ఆర్ ఉంటే కుడిది. జత కొంటే ఒకటి ఎల్, ఒకటి ఆర్ ఉండాలి. రెండూ ఆర్ అయితే బేరం ఆపేయండి.

సమస్య: ట్రయంఫ్ టైమింగ్ గేర్ల గుర్తులు కలవట్లేదు, మధ్య గేరు వేరే ఇంజన్‌ది అయ్యుంటుందా?

కారణం: బహుశా గేరు సరైనదే. ట్రయంఫ్ ట్విన్‌లో క్రాంక్ గేరుకి 25 పళ్లు, క్యామ్ గేర్లకి 50, మధ్య గేరుకి 47. 47 వల్ల గుర్తులు ఒకసారి కలిశాక క్రాంక్ 94 చుట్లు తిరిగితే గానీ మళ్లీ కలవవు. రెండు చుట్లు తిప్పి కలవలేదంటే అది లోపం కాదు.

పరిష్కారం: పళ్లు లెక్కపెట్టండి. 47 ఉంటే మధ్య గేరు బయటికి తీసి, క్రాంక్, క్యామ్ గుర్తులు సరిచూసుకుని మళ్లీ వాటి ఎదురుగా పెట్టండి. ఆ తర్వాత ఇంజన్ తిప్పితే గుర్తులు విడిపోతాయి, విడిపోనివ్వండి. నేను మొదటిసారి ముప్పై చుట్లు దాకా తిప్పి విసుగొచ్చి, గేరు తప్పని తేల్చేసి, వేరేది కొన్నాను. కొత్తదానికీ గుర్తులు కలవకపోయేసరికి కూర్చుని పళ్లు లెక్కపెట్టాను. అప్పటికి పాతదాన్ని అమ్మేసి వారమైంది.