రాక్షసుడికి రంగులు - 3: ఎర్రటి ఒళ్లు

పోయిన పాఠంలో మన చిన్న రాక్షసుడి బొమ్మకు ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పూత, వేసి ఆరబెట్టాం. ఈసారి ఒంటి రంగు.

ఎరుపే ఎందుకంటే, మన శ్రీకాళహస్తి కలంకారీలో మామూలుగా కృష్ణుడు నీలం, ఆంజనేయుడు ఆకుపచ్చ, రాక్షసుడు ఎరుపు. కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరేసిన బట్ట మీద కసిమితో, అంటే ఇనుము, బెల్లం నానబెట్టి చేసే నల్లరంగుతో, గీత గీస్తారు. ఆ తర్వాత పటిక నీళ్లు రాసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. సీసాలోంచి వచ్చే తళతళలాడే ఎరుపు కాదది, కాస్త మట్టి కలిసినట్టుంటుంది. మనకు కావాల్సింది అదే. ఎరుపు మూడు చుక్కలు, గోధుమ రంగు ఒక చుక్క.

నీళ్లు ఎన్ని కలపాలో మీ బొటనవేలి గోరే చెబుతుంది. గోరు మీద ఒక గీత గీయండి. రంగు అంచులకు పారిపోతే నీళ్లు ఎక్కువైనట్టు, కుంచె జాడలు చారలుగా మిగిలితే తక్కువైనట్టు. ఒకే పూతతో ప్రైమర్ మొత్తం కప్పేయాలని చూడకండి. పల్చగా రెండు మూడు పూతలు వేయండి, ఒకటి ఆరాకే ఇంకొకటి. మందంగా వేస్తే కండల మధ్య గాడులు, పళ్ల సందులు పూడిపోతాయి. అవి మళ్లీ రావు.

తిరుపతి ఎండలకు మధ్యాహ్నం పూట రంగు చూస్తూండగానే గడ్డకడుతుంది. టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ పరిచి, పైన బేకింగ్ పేపర్ వేసి దాని మీద రంగు కలుపుకోండి. బేకింగ్ పేపర్ బదులు మైనం పూసిన కాగితం వేయకండి, దాంట్లోంచి తడి పైకి రాదు. ఫ్యాన్ కింద కూర్చోకండి.

ఇక అసలు పని, నీడలు. నా మొదటి బొమ్మకు ఎరుపులో నలుపు కలిపాను. ఒళ్లంతా మసిపట్టినట్టయి ప్రాణం పోయింది. అది ఎందుకలా అయిందో నాకు గంగమ్మ జాతరలో అర్థమైంది. బండ వేషం వేసినవాళ్లు ఒళ్లంతా కుంకుమ పూసుకుంటారు. అది భక్తితో వేసే వేషం, రాక్షసుడికి పోలిక కాదు. నేను చూసింది ఎర్రటి ఒంటి మీద ఎండ ఎలా పడుతుందన్నదే. పూసింది ఒకే కుంకుమ. అయినా నుదురు, ముక్కు, భుజాలు నారింజ రంగులో వెలుగుతున్నాయి. మెడ మడతల్లో, చంకల కింద అదే ఎరుపు వంకాయ రంగులోకి దిగింది. నలుపు ఎక్కడా లేదు.

కాబట్టి నీడకు మన ఎరుపులో ముదురు నీలం సూదిమొనంత కలపండి. ఇంకా పల్చన చేసి గాడుల్లోకి మాత్రమే వదలండి, ఎక్కువైతే తడి కుంచెతో లాగేయండి. వెలుగుకు తెలుపు కలిపితే గులాబీ రంగు వచ్చి రాక్షసుడు పసిపిల్లాడిలా కనిపిస్తాడు. నారింజ కలపండి. వెలుతురు పైనుంచి పడుతుందనుకుని కనుబొమల గట్టు, చెంప ఎముకలు, భుజాలు, వేళ్ల కణుపుల మీద సన్నగా వేయండి. ఆ నారింజలో చుక్క పసుపు కలిపి, కణుపుల మీద చివరగా ఒక్కో చుక్క పెట్టండి.

కొమ్ములు, కళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున కిటికీ దగ్గర పెట్టి, మూరెడు దూరం నుంచి చూడండి. నీడ కనిపించని చోట ఇంకో పల్చటి పూత వేయండి.