సినిమాకి రేటింగ్ రెండుసార్లు వేయండి
ఏడాదంతా చూసిన సినిమాలకు రేటింగులు రాసుకునే అలవాటుంటే ఇలా చేసి చూడండి. సినిమా అవ్వగానే ఒక మార్కు వేసి, పక్కనే తేదీ, మనసులో నిలిచిన ఒక్క సీను గురించి ఓ ముక్క రాసుకోండి, నెల తర్వాత పాత మార్కు చూడకుండా మళ్లీ వేయండి. క్లైమాక్స్ ఊపులో నేను 5కి 4.5 ఇచ్చినవి చాలావరకు 3కి దిగిపోయాయి, తల్లి ఏమీ మాట్లాడకుండా గిన్నెలు కడుగుతూ ఉండిపోయే సీనున్న ఓ నెమ్మది సినిమా మాత్రం 3 నుంచి 4.5కి ఎక్కింది. డిసెంబర్‌లో ఆ ఏడాది నచ్చిన సినిమాల జాబితాకి రెండో మార్కే తీసుకుంటాను, లేకపోతే ఈమధ్య చూసినవే పైకొచ్చి జనవరిలో చూసిన మంచి సినిమా పాపం మరుగున పడిపోతుంది. చూసిన సినిమాలకు రేటింగులు రాసుకునే లెటర్‌బాక్స్‌డ్ యాప్‌లో అర స్టార్ కూడా ఇవ్వొచ్చు కాబట్టి ఆ తేడా తెలుస్తుంది. రాసుకున్న ముక్క చదివినా సీను కళ్లముందుకు రాకపోతే దాన్ని టాప్ 10లో పెట్టను.